టల్సాకు నేను వేసిన ఎరుపు

2018 శరత్కాలంలో లైప్‌జిగ్‌లోని మా సర్వే సంస్థకు ఒక పని వచ్చింది. పంపింది వోల్ఫ్స్‌బర్గ్ పక్కన కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీ. అప్పుడు నేను సంస్థలో సీనియర్ గణాంకవేత్తను. నా పైన ఉన్నది విభాగాధిపతి డాక్టర్ హార్ట్‌విగ్ ఒక్కరే. ఆయన ఆ పని బాధ్యత నాకు అప్పగించారు. ఆదేశపత్రంలో ప్రశ్న ఒక్క వాక్యమే: అమెరికాలోని పెద్ద నగరాల్లో రాజకీయంగా సంప్రదాయవాదం వైపు ఎక్కువగా మొగ్గేవి ఏవి?

జర్మనీలో ఉన్న కంపెనీకి ఈ ఆరా ఎందుకని పాఠకులకు అనిపించవచ్చు. దానికి అమెరికాలో ఐదు నగరాల్లో శాఖలున్నాయి. ఇక్కడి ఇంజనీర్లను మూడేళ్ళ గడువుతో అక్కడికి పంపుతుంటారు. పంపిన మనిషి క్షేమానికి యజమానే పూచీ అని ఇక్కడ గట్టి నియమం ఉంది. ఆ కంపెనీలో బ్లూ కార్డు (చదువుకున్న విదేశీయులకు ఇచ్చే ఉద్యోగ అనుమతి) మీద వచ్చిన భారతీయులు, ఇతర దేశాలవాళ్ళు పెరిగేసరికి, వాళ్ళను ఏ ఊరికి పంపవచ్చు, ఏ ఊరికి పంపకూడదు అన్న ప్రశ్న సిబ్బంది విభాగం ముందుకొచ్చింది. సంప్రదాయవాదులు ఎక్కువున్న ఊళ్ళో నల్లచర్మం మనిషికి ఇబ్బంది ఉండవచ్చని వాళ్ళ ఊహ. అందుకే జాబితా అడిగారు.

ప్రశ్న సరైనదేనా అని తేల్చుకోవడం మా వృత్తిలో మొదటి పని. ఒక ఊరు ఎవరికి ఓటేస్తుందన్నది ఒక ప్రశ్న. ఆ ఊళ్ళో ఒక పరాయి మనిషి ఎలా బతుకుతాడన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి లెక్కలున్నాయి, రెండోదానికి లేవు. ఈ తేడా నాకు తెలియదా? బాగా తెలుసు. తెలిసీ మొదటి ప్రశ్నకు జవాబు రాసి, రెండోదానికి కూడా అదే జవాబని వాళ్ళు అనుకుంటే అనుకోనిచ్చాను.

పని మాత్రం శ్రద్ధగా చేశాం. ముందు పెద్ద నగరం అంటే ఏమిటో తేల్చాలి. జనాభా ఎంత దాటితే పెద్దది అన్నది సులువైన భాగం. నగరం హద్దు దగ్గరే చిక్కు. మునిసిపాలిటీ గీత లోపలివాళ్ళనే లెక్కించాలా, శివార్లలో ఉంటూ ఊళ్ళోకి పనికొచ్చేవాళ్ళనూ కలపాలా? శివార్లు కలిస్తే జాబితా తారుమారవుతుంది. జాక్సన్‌విల్‌లో ఊరి పాలన, కౌంటీ పాలన ఒకటే గనుక శివారు కూడా ఊరిలోనే కలిసి ఉంటుంది. ఓక్లహోమా సిటీ ఒకటికి మించిన కౌంటీల్లోకి పాకి ఉంటుంది. ఎన్నికల ఫలితాలు కౌంటీల వారీగా తేలిగ్గా దొరుకుతాయి కానీ నగరాల వారీగా దొరకవు. వాటిని పోలింగ్ కేంద్రాల స్థాయికి విడగొట్టి, నగరం గీత లోపల పడినవాటిని మళ్ళీ కూడాలి.

ఓట్లు ఒక ఆధారం. పన్నులు, తుపాకులు, గర్భస్రావం, వలసల వంటి విషయాల మీద జనం సర్వేల్లో ఇచ్చిన జవాబులు రెండో ఆధారం. ఒక్క సర్వేలో ఒక్కో ఊరి నుంచి గుప్పెడుమంది కన్నా ఉండరు. అందుకని అనేక సర్వేలను కలిపి, వయసు, చదువు, జాతి వారీగా ఆ ఊరి అసలు జనాభాకు సరిపోయేలా ఒక్కొక్క జవాబుకు ఇంత బరువని ఇస్తాం.

జాబితా తేలింది. మెసా, ఓక్లహోమా సిటీ, వర్జీనియా బీచ్, కొలరాడో స్ప్రింగ్స్, జాక్సన్‌విల్ వంటివి సంప్రదాయవాదం కొసన నిలిచాయి. ఈ విషయాలు గమనించేవారికి ఇందులో కొత్తేమీ లేదు. గుర్తుపెట్టుకోవలసిన సంగతి మరొకటి. అమెరికాలో పెద్ద నగరాలు చాలావరకు ఉదారవాదం వైపే ఉంటాయి. ఈ కొసన ఉన్నవి కూడా తక్కిన పెద్ద నగరాలతో పోల్చినప్పుడే సంప్రదాయవాద నగరాలు. తమ చుట్టూ ఉన్న చిన్న ఊళ్ళతో పోలిస్తే చాలావరకు మధ్యేమార్గంలో ఉంటాయి. ఈ మాట నివేదికలో రాశాను. చివరి పేజీల్లో, కింద, చిన్న అక్షరాల్లో రాశాను.

జర్మన్ ఆఫీసుల్లో ఒక ఆచారం ఉంది. నివేదిక ఎంత లావుదైనా మొదటి పేజీలో ఒక పట్టిక ఉంటుంది. పట్టికలో ప్రతి వరుస చివర ఒక రంగు చుక్క ఉంటుంది: ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. దాన్ని ఆంపెల్ అంటారు. వీధిలోని సిగ్నల్ దీపానికి ఇక్కడ అదే పేరు. పై అధికారులు చుక్కలు చూస్తారు, పేజీలు చూడరు. రంగుకీ రంగుకీ మధ్య గీత ఎక్కడ అన్నది అంకెలే నిర్ణయిస్తాయి. సరిగ్గా గీత మీద పడిన ఊరిని ఎటు తోయాలన్నది మాత్రం ప్రాజెక్టు నడిపే మనిషికి వదిలేస్తారు. దానికి నిపుణ అంచనా అని గౌరవమైన పేరు. ఆ అంచనాకు కారణం మా సొంత ఫైలులో ఒక వాక్యం రాసి, సంతకం పెట్టాలి. దాని కింద రెండో సంతకం పడాలి. రెండు జతల కళ్ళు చూడని కాగితం బయటికి పోకూడదన్నది నియమం.

కంపెనీ శాఖలున్న ఐదు నగరాల్లో ఒక్కటి గీత మీద పడింది. అది ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా, చర్చిలకు పేరుపడ్డ ఊరు.

పసుపు వేయవచ్చు. నేను ఎరుపు వేశాను. కారణం గడిలో, "మత సంస్థల ప్రభావం అధికం" అని రాశాను. హార్ట్‌విగ్ రెండో సంతకం పెట్టారు.

ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. మా నాన్న తెనాలి దగ్గర బడిపంతులు. మా వీధి గ్రంథాలయంలో ప్రతి ఆదివారం చర్చ జరిగేది. జాతకాలు, వితంతు వివాహం, కులాంతర భోజనాలు, ఏదైనా సరే. ఆ సభకు ఒక కట్టుబాటు ఉండేది: ఈ వారం ఒక పక్షం వాదించినవాళ్ళు వచ్చే వారం ఎదుటి పక్షం వాదించాలి. పదమూడేళ్ళకే నేను జాతకాలకు అనుకూలంగా వాదించి మా నాన్నను ఓడించాను. తర్వాత తూర్పు జర్మనీ అనే దేశం ఉన్న రోజుల్లో స్కాలర్‌షిప్ మీద లైప్‌జిగ్ వచ్చి గణాంకశాస్త్రం చదివాను. ఇక్కడే ఉద్యోగం, ఇక్కడే కాపురం. గుడి, మసీదు, చర్చి, ఏది కనబడినా తెలుగు పత్రికల్లో వ్యాసాలు రాసి కత్తి దూయడం నా స్వభావమైపోయింది. ఎదుటి పక్షం వాదించే అలవాటు ఎప్పుడు పోయిందో గమనించలేదు.

డిసెంబరులో నివేదిక సమర్పించడానికి రైల్లో వోల్ఫ్స్‌బర్గ్ వెళ్ళాను. సమావేశం మధ్యాహ్నం రెండింటికి. పన్నెండింటికి కంపెనీ క్యాంటీన్‌లో బంగాళాదుంపల పళ్ళెం ముందు కూర్చుని ఉండగా ఒకమ్మాయి ట్రే పట్టుకుని నా బల్ల దగ్గర ఆగింది.

"నమస్కారమండి. బ్యాడ్జి మీద ఇంటిపేరు చూసి ఆగిపోయానండి. మనోళ్ళే కదండి?"

ఆమె పేరు ఎస్తేరు. ముప్పై ఐదేళ్ళుంటాయి. ఊరు నరసాపురం. ఇల్మెనౌలో ఎమ్మెస్ చదివి, ఈ కంపెనీలో బ్రేకుల సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించే విభాగంలో ఏడేళ్ళుగా పనిచేస్తోంది. భర్త ఇదే ఊళ్ళో మరో కంపెనీలో. ఆరేళ్ళ కూతురు. కూర్చున్న ఐదు నిమిషాల్లోనే, "మేడమ్ అనడం నా వల్ల కాదండి, అక్కా అంటాను, ఏమీ అనుకోకండి," అంది.

తినబోయే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. నా నోరు ఊరుకోదు కదా.

"దేవుడికి థాంక్స్ చెప్పావు సరే, వండినవాడికి చెప్పావా?" అన్నాను.

"ఆయనక్కూడా చెప్తానండి, ట్రే తిరిగిచ్చేటప్పుడు. దేవుడైతే ఉప్పు తక్కువేసినా ఏమీ అనలేంగానీ, ఈయన్ని అనొచ్చు," అని నవ్వింది. "మీరు దేవుణ్ణి నమ్మరా అక్కా?"

"లేదు."

"పర్లేదండి. మా మార్తక్క అంటది, నమ్మనోళ్ళతో భోజనం చేస్తే రెండు ముద్దలు ఎక్కువ దిగుతాయని. వాదించుకుంటా తింటాం కదండి."

మార్త ఆమె పెద్దక్క. టల్సాలో ఒక ఆసుపత్రిలో నర్సు. భర్త పోయాడు, పిల్లల్లేరు. రెండు నెలల కిందట కడుపులో కాన్సరని తేలింది. ఏడాది, మహా అయితే ఏడాదిన్నర అన్నారట డాక్టర్లు. ఎస్తేరు ఈ మాటలు చెబుతున్నంతసేపూ ఫోర్కుతో బంగాళాదుంపను చిన్న చిన్న ముక్కలు చేస్తూనే ఉంది, ఒక్కటీ తినలేదు.

"మా టల్సా బ్రాంచిలో నా పనే ఖాళీగా ఉందండి. అచ్చంగా నా పనే. అప్లై చేశాను. మా మేనేజరు సరే అన్నాడు, అక్కడి మేనేజరూ సరే అన్నాడు. వెళ్తే మూడేళ్ళండి. అక్క దగ్గరే ఉంటాను. పాపని అక్కడే బళ్ళో వేసేస్తాను. సిబ్బంది విభాగం సంతకం ఒక్కటే ఆగింది. ఏదో లిస్టు వస్తందంట, అది వచ్చాక పెడతారంట. ఎవరో లైప్‌జిగ్ వాళ్ళు చేస్తన్నారంటండి."

అని నా బ్యాడ్జి వైపు చూసింది. దాని మీద నా ఊరి పేరు కూడా ఉంది.

"మీరేనా అక్కా?"

నివేదికలో ఏముందో కంపెనీ సిబ్బందికి చెప్పకూడదు. మా ఉద్యోగ ఒప్పందంలోనే ఆ షరతు ఉంటుంది. నేను ఆ విషయం మాట్లాడకూడదని అన్నాను.

"అయ్యో, వద్దులెండి, చెప్పకండి. మీకు ఇబ్బంది కదా," అని వెంటనే చెయ్యి ఊపేసింది. "మనోళ్ళు చేశారంటే సరిగ్గానే చేసుంటారు."

ఆమె ట్రే తీసుకుని వెళ్ళిపోయాక ఇంకా గంటంబావు మిగిలింది. నివేదిక నా సంచిలో ఉంది. ఇంకా ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇచ్చేవరకూ అంచనా మార్చే హక్కు నాకుంది. హార్ట్‌విగ్‌కు ఒక ఫోను, కారణం గడిలో ఒక కొత్త వాక్యం, అంతే పని. గీత మీద పడిన ఊరది. ఎటు తోసినా అంకెలు అభ్యంతరం చెప్పవు.

నేను మార్చలేదు. అప్పుడు నాకు నేను చెప్పుకున్న సమాధానం ఇప్పటికీ జ్ఞాపకం ఉంది. ఒక మనిషి కష్టం చూసి రంగు మారిస్తే అది గణాంకం ఎలా అవుతుంది? మనవాళ్ళనీ, మన భాషనీ చూసి తీర్పు తిప్పేసే పెద్దమనుషుల్నే కదా నేను జన్మంతా తిట్టింది? ఇలా అనుకుని, నా నిజాయితీకి నేనే మురిసిపోయాను. ఆ ఎరుపు వేసింది నిజాయితీ కాదని, చర్చిల మీద నాకున్న కోపమని మాత్రం తట్టలేదు. ఇంకొకటి కూడా ఉంది. ఎరుపు ఆ అమ్మాయిని కాపాడుతుందనుకున్నాను. ఆమెకేది మంచిదో ఆమె కన్నా నాకే బాగా తెలుసనుకున్నాను. సంస్కర్తలకు ఈ జబ్బు తొందరగా పట్టుకుంటుంది.

సిబ్బంది విభాగాధిపతి ఫ్రావ్ లిండ్నర్ మర్యాదస్తురాలు. గంటసేపు నేను చెప్పిందంతా తలాడిస్తూ విన్నారు. ఆమె కళ్ళు మాత్రం మొదటి పేజీ దాటి పోలేదు.

జనవరి మూడో వారంలో ఎస్తేరు ఫోన్ చేసింది. నా నంబరు తెలుగువాళ్ళ బృందంలో ఎవరినో అడిగి తీసుకుందట. వెనకాల కూతురు ఏదో జర్మన్‌లో అడుగుతోంది. "ఒక్క నిమిషం ఉండమ్మా, మాట్లాడతన్నాను," అని తలుపు వేసుకున్న చప్పుడు వినిపించింది.

"అక్కా, టల్సా ఎరుపంటండి. యూరప్ వాళ్ళు కానివాళ్ళని ఎరుపు ఊళ్ళకి పంపకూడదని రూలు పెట్టేశారు. నా క్షేమం కోసమంట. ఫ్రావ్ లిండ్నర్ నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది, మీకేమైనా అయితే మేం తట్టుకోలేం అని. మినియాపొలిస్ అయితే ఆకుపచ్చంట, కావాలంటే అక్కడికి పంపుతామంది. మినియాపొలిస్‌లో నాకెవరున్నారండి?"

ఆమె బదులు టల్సాకు ఎవరు వెళ్తున్నారని అడిగాను.

"నా ప్లేసులో టోర్‌స్టెన్‌ని పంపుతున్నారు. మంచోడేలెండి. వాడికి టల్సా ఎక్కడుందో మ్యాప్‌లో నేనే చూపించాను." గొంతు తగ్గించింది. "ఒక్క మాట అడుగుతానక్కా. మా అక్క పదకొండేళ్ళ నుంచి అక్కడే ఉంటంది. నల్లగానే ఉంటది, నాకంటే నలుపు. ఆవిణ్ణి ఎవరైనా అడిగారా, అమ్మా ఈ ఊరు ఎలాంటిదీ అని? పోనీ నన్నడిగారా?"

లేదన్నాను.

మర్నాడు హార్ట్‌విగ్ గదికి వెళ్ళాను. నివేదిక సవరించాలన్నాను. ఆయన కుర్చీ చూపించి, ఎప్పటిలాగే క్రమంగా అడిగారు. అంకెల్లో తప్పుందా? లేదు. హద్దు గీతలో? లేదు. మరెందులో? అంచనాలో. అంచనా తప్పని ఎప్పుడు తెలిసింది? దాని ఫలితం ఒక మనిషి మీద పడ్డాక.

ఆయన సంస్థ నియమాల పుస్తకం తెరిచి నా వైపు తిప్పారు. కంపెనీ చేతికిచ్చిన తర్వాత, దాని పర్యవసానం చూసి, నిపుణ అంచనాను మార్చకూడదు. ఆ నియమం రాసింది నేనే. చాలా ఏళ్ళ క్రితం డబ్బున్న ఖాతాదారులు తమకు నచ్చని ఫలితాలను ఫోన్ల మీద మార్పించుకుంటుంటే, పట్టుబట్టి, మూడు సమావేశాలు పోట్లాడి పెట్టించాను. మంచి నియమం. ఇప్పటికీ మంచి నియమమే. "దీన్ని మీ కోసం మొదటిసారి మీరే ఉల్లంఘిస్తారా?" అని హార్ట్‌విగ్ అడిగారు. వెటకారం కాదు. ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

సంస్థ తరఫున కాకుండా నా తరఫున ఫ్రావ్ లిండ్నర్‌ను కలవడానికి టెర్మిన్, అంటే ముందుగా ఖరారు చేసుకునే సమయం, తీసుకుని మళ్ళీ వోల్ఫ్స్‌బర్గ్ వెళ్ళాను. సగటు ఊరికి చెందుతుంది, మనిషికి చెందదు అని చెప్పాను. పదిమందిలో ఆరుగురు ఒక పార్టీకి ఓటేసినంత మాత్రాన పక్కింటివాడు ఎలాంటివాడో తెలియదన్నాను. పన్నులు తగ్గించమని ఓటేసినవాడూ, పరాయివాణ్ణి తరమమని ఓటేసినవాడూ మా లెక్కలో ఒకే వైపు పడతారని చెప్పాను. టల్సా గీత మీద పడిన ఊరనీ, అటు తోసింది నేనేననీ కూడా చెప్పాను.

ఆమె అంతా విని ఒక్కటే అడిగారు. "అయితే ఎస్తేరుకు అక్కడ ఏ హానీ జరగదని మీరు రాసిస్తారా?"

అలా ఏ గణాంకవేత్త రాసిస్తాడు? ఏ ఊరి గురించైనా, ఏ మనిషి గురించైనా?

"రాయలేను," అన్నాను. "మినియాపొలిస్ గురించీ రాయలేను. నేను నలభై ఏళ్ళుగా ఉంటున్న లైప్‌జిగ్ గురించీ రాయలేను. పశ్చిమ జర్మనీలో ఉండే నా స్నేహితులు, వలసల వ్యతిరేకులకు ఓట్లెక్కువ పడే మా సాక్సనీ రాష్ట్రం పేరెత్తగానే నువ్వక్కడ ఎలా ఉంటున్నావు, భయం లేదా అంటారు. ఇలాంటి పట్టిక జర్మనీకి వేస్తే మా ఊరికేం రంగు పడుతుందో ఆలోచించండి."

"లైప్‌జిగ్‌కు మేం ఎవరినీ పంపడం లేదు కదండీ," అన్నారు ఫ్రావ్ లిండ్నర్, ఎంతో నెమ్మదిగా.

ఆ వాక్యంతో నా పని అయిపోయింది. ఆమె దుర్మార్గురాలు కాదు. ఆమె చేతిలో ఒక ఎరుపు చుక్క ఉంది. దాన్ని కాదని సంతకం పెట్టి, రేపేదైనా జరిగితే, పూచీ ఆమెది. దాన్ని పాటించి, ఇద్దరు అక్కచెల్లెళ్ళు దూరమైపోతే, పూచీ ఎవరిదీ కాదు. ఏ గడిలోనూ దాన్ని రాయరు. ఆమె స్థానంలో ఉంటే మీరేం చేస్తారు? నేనైతే ఆమె చేసిందే చేసేదాన్ని.

అక్కను చూడడానికి ఆ ఏడాది ఎస్తేరు రెండుసార్లు టల్సా వెళ్ళింది. మొదట వీసా టెర్మిన్ దొరకడానికే వేసవి వచ్చింది. ఉన్న సెలవును రెండు ముక్కలు చేసుకుంది. మొదటిసారి రెండు వారాలు. రెండోసారి సెప్టెంబరులో పది రోజులు. ఉద్యోగం వదిలేసి వెళ్ళిపొమ్మని భర్త అన్నాడట. వదిలితే బ్లూ కార్డు సంగతేమిటి, వెళ్ళాక అక్కడ ఏ కాగితం మీద ఉండాలి? మార్తే వద్దందట. అక్టోబరు చివర్లో, ఎస్తేరు ఇక్కడ పరీక్షల గదిలో బ్రేకుల యంత్రం ముందు నిలబడి ఉండగా మార్త పోయింది. ఎస్తేరు పూడ్చిపెట్టే వేళకు అందుకుంది.

నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. పిలవకపోయినా వెళ్ళాను. కూతురు తలుపు తీసి, "అమ్మా, ఒక అమ్మమ్మ వచ్చింది," అని జర్మన్‌లో కేకేసి లోపలికి పరిగెత్తింది. భర్త టీ పెట్టి, పిల్లని తీసుకుని బయటికి వెళ్ళాడు. ఎస్తేరు చిక్కిపోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఓదార్పు మాటలు నాకు చేతకావు. చెప్పవలసింది మాత్రం చెప్పాను. టల్సా గీత మీద ఉన్నదని, పసుపు వేయవచ్చునని, ఎరుపు నేనే వేశానని, ఎందుకు వేశానో అదీ చెప్పాను. క్యాంటీన్‌లో ఆమె నాతో మాట్లాడిన తర్వాత కూడా మార్చే అవకాశం ఉన్నదని చెప్పాను.

ఆమె తలెత్తి నా వైపు చూసింది.

"చర్చిలు ఎక్కువున్నాయని ఎరుపేశారా?"

"అవును."

నవ్వింది. ఆ నవ్వు చూడడం నాకు కష్టమైంది.

"అక్క ఇంటి ఎదురుగానే చర్చండి. మనవాళ్ళది కాదు, తెల్లోళ్ళది. అక్క అందులోకి వెళ్ళేది కూడా కాదు, అది వేరే శాఖ. అయినా వాళ్ళ ఆడోళ్ళు నలుగురు వంతులేసుకున్నారండి. కీమోకి తీసుకెళ్ళడానికి ఒకరు, తీసుకురావడానికి ఒకరు. ఫ్రిజ్ తెరిస్తే అన్నీ వాళ్ళ గిన్నెలే, మూతల మీద పేర్లు అంటించి. కారం లేని చికెన్ చారు. అక్క ఫోన్‌లో అనేది, ఒసే ఈ చప్పిడి తిండి తినలేకే చచ్చిపోతానే అని." కళ్ళు తుడుచుకుంది. "వాళ్ళ కార్ల వెనకాల ఏ పార్టీ స్టిక్కర్లున్నాయో చూశానండి. మీ లెక్క తప్పు కాదు. ఆ ఓట్లు వాళ్ళవే."

టీ చల్లారిపోయింది.

"ఇదీ వినండక్కా. పూడ్చిన మర్నాడు సూపర్ మార్కెట్ బయట ఒకడు కారు ఆపి, మీ దేశం పొండి అని అరిచాడు. చీర కట్టుకుని ఉన్నాను. పాప నా చెయ్యి పట్టుకునుంది. అదీ జరిగింది. అదీ రాసుకోండి, లేకపోతే మళ్ళీ ఇంకో రంగేసేస్తారు."

"నన్ను తిట్టు," అన్నాను.

"మిమ్మల్ని తిడితే ఏమొస్తదండి." లేచి కప్పులు తీసింది. "నేను చదువుకున్నదాన్ని. ప్రమాదం తెలుసు నాకు. నా అక్క దగ్గరికి నేను ప్రమాదమైనా వెళ్తానని నన్ను అననివ్వాల్సింది. అంతే."

క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు. ఆ తర్వాత మేం మాట్లాడుకోలేదు. వాళ్ళు వోల్ఫ్స్‌బర్గ్ వదిలి వెళ్ళారని విన్నాను. ఎక్కడికో తెలియదు.

మిగిలిన రెండేళ్ళ సర్వీసులో నా చేతి మీదుగా వెళ్ళిన నివేదికల్లో మనుషులను ఎక్కడికి పంపాలన్న నిర్ణయంతో సంబంధం ఉన్నవాటికి రంగు చుక్కలు పెట్టడం మానేశాను. ఇద్దరు ఖాతాదారులు చుక్కలు లేని నివేదిక మాకు పనికిరాదని వేరే సంస్థకు వెళ్ళిపోయారు. హార్ట్‌విగ్ నన్నేమీ అనలేదు. నేను ఉద్యోగ విరమణ చేశాక చుక్కలు తిరిగి వచ్చాయని తెలిసింది.

ఈ కథ చెబితే మా మిత్రులు కొందరు, చూశావా, చివరికి నమ్మకమే గెలిచింది అంటారు. ఏమీ గెలవలేదు. ఒక మనిషి తోబుట్టువు పక్కన లేకుండా చచ్చిపోయింది. నేను ఇప్పటికీ ఏ దేవుణ్ణీ నమ్మను. మతం చేసిన చెడ్డ గురించి నేను రాసిన పుటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. నా తప్పు హేతువును నమ్మడంలో లేదు. ఆ ఒక్క గడిలో హేతువును పక్కన పెట్టి, నా కోపానికి అంకెల చొక్కా తొడగడంలో ఉంది. చర్చికి వెళ్ళేవాళ్ళందరూ ఒకటే అనడానికీ, ఫలానా నక్షత్రంలో పుట్టినవాళ్ళందరూ ఒకటే అనడానికీ తేడా ఏమిటి? రెండింటినీ ఒకే సభలో ఒకే నోటితో ఖండించవలసినదాన్ని నేను.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే. అమెరికాలో ఏ నగరం ఎటు మొగ్గుతుందో కొలవవచ్చు. శ్రద్ధగా కొలిస్తే జవాబు వస్తుంది, ఆ జవాబుకు విలువ ఉంది. కానీ ఆ జవాబు వల్ల ఒక మనిషిని ఎక్కడికైనా పంపేటట్టయినా, పంపకుండా ఆపేటట్టయినా, ఆ మనిషిని ముందు అడగాలి. అడగడం దయ కాదు, పని విధానంలో ఒక మెట్టు. మా విధానంలో హద్దులు గీయడానికీ, తూకం వేయడానికీ, రెండో సంతకానికీ మెట్లు ఉన్నాయి. అడిగే మెట్టు లేదు. దాన్ని చేర్చే అధికారం నాకు ఉన్నన్నాళ్ళూ నేను చేర్చలేదు.